ఎలక్ట్రిక్ కారు కోసం ఎదురుచూపు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎలక్ట్రిక్ కారు బుక్ చేసి డెలివరీ కోసం ఎదురుచూస్తున్న పాఠకుల ఉత్తరాలు ఈ నెల మాకు ఎక్కువగా అందాయి. ఎక్కువమందిని వేధిస్తున్న సందేహాలను ఎంచి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: కారు బుక్ చేసినప్పుడు మూడు నెలల్లో ఇస్తామన్నారు. మూడో నెలలో అడిగితే ఇంకో ఆరు వారాలన్నారు. అవీ గడిచాయి, ఇప్పుడు వచ్చే నెలాఖరు అంటున్నారు. వాళ్లు నిజం చెబుతున్నారో, మభ్యపెడుతున్నారో తెలుసుకునే దారి ఉందా?

జవాబు: ఉంది, కాని అందుకు మీరు అడిగే ప్రశ్నను మార్చుకోవాలి. కారు ఎప్పుడు వస్తుందని అడిగినంతకాలం మీకు తేదీలే దొరుకుతాయి. కారు ఇప్పుడు ఏ దశలో ఉందని అడిగితే, జవాబు చెప్పేవారు తమ దగ్గరున్న వివరాలు తెరిచి చూడక తప్పదు. ఆర్డరు ఫ్యాక్టరీ ప్రణాళికలో చేరిందా, తయారీకి వారం ఖరారైందా, ఛాసిస్ నంబరు కేటాయించారా, కారు ఫ్యాక్టరీ గేటు దాటిందా, ఓడలో ఉందా, రేవులో ఉందా, షోరూమ్ యార్డుకు చేరిందా అని వరుసగా అడగండి. జవాబును ఫోనులో విని ఊరుకోకుండా రాతపూర్వకంగా తీసుకోండి.

వీటిలో ఛాసిస్ నంబరు ముఖ్యమైనది. అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే ఆ గుర్తింపులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ఒకటి, సున్నాలతో పొరపాటు పడకుండా ఆ ఏర్పాటు చేశారు. మీ పేరున ఆ నంబరు పడనంతవరకు, ఎవరు ఏ తేదీ చెప్పినా అది అంచనా మాత్రమే. నంబరు పడిన తరువాత కూడా కారు తయారైందా లేదా అన్నది విడిగా అడగవలసిన ప్రశ్నే, ఎందుకంటే కొన్ని సంస్థలు తయారీకి ముందే నంబరు కేటాయిస్తాయి.

ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలిస్తే మీ అనుమానం కొంత తగ్గవచ్చు. ఫ్యాక్టరీలో కార్లను బుకింగ్ వరుస ప్రకారమే తయారు చేయరు. ఒకే రంగు, ఒకే బ్యాటరీ, ఒకే మార్కెట్‌కు వెళ్లవలసిన కార్లను కలిపి ఒక విడతగా తయారు చేస్తారు. అందువల్ల ఎక్కువమంది కోరే రంగును ఎంచుకున్న వ్యక్తికి, మీ తరువాత బుక్ చేసినా, మీకన్నా ముందు కారు రావచ్చు. బ్యాటరీ సెల్ తయారీకి దాని సమయం దానికి ఉంది. సెల్‌లో ఎలక్ట్రోలైట్ అనే రసాయన ద్రవం నింపాక మొదటిసారి చాలా నెమ్మదిగా ఛార్జి చేసి, ఆపై కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల వరకు నిల్వ ఉంచి, ఆ వ్యవధిలో వోల్టేజి పడిపోయిన సెల్‌లను ఏరి పారవేస్తారు. ఈ దశను తొందరపెడితే ఆ నష్టం మీ కారులోకి వస్తుంది కాబట్టి, ఈ ఒక్క ఆలస్యాన్ని మాత్రం నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

మిగిలినవి ఎవరి చేతిలోనూ లేనివి కూడా కావచ్చు. 2020 వసంతంలో, కోవిడ్ లాక్‌డౌన్ల సమయంలో, కార్ల సంస్థలు చిప్‌ల ఆర్డర్లను తగ్గించుకున్నాయి. కొద్ది నెలలకే కార్లకు గిరాకీ తిరిగి వచ్చింది, కాని అప్పటికి చిప్ ఫ్యాక్టరీల సామర్థ్యం ఫోన్లకు, కంప్యూటర్లకు వెళ్లిపోయింది. ఆ కొరత 2022 వరకూ కొనసాగింది. 2021 మార్చిలో జపాన్‌లోని రెనెసాస్ చిప్ ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం జరిగింది, అదే నెలలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ నౌక ఆరు రోజులు అడ్డంగా ఇరుక్కుపోయింది. 2022 ఫిబ్రవరిలో సుమారు నాలుగు వేల కార్లతో వెళుతున్న ఫెలిసిటీ ఏస్ నౌక నిప్పంటుకుని, మార్చి 1న అజోర్స్ దీవుల సమీపంలో మునిగిపోయింది. ఆ కార్లకోసం ఎదురుచూస్తున్న వారికి తమ కారు ఫ్యాక్టరీ దాటిందన్న కబురు అప్పటికే అంది ఉంటుంది.

ఫ్యాక్టరీ తన సామర్థ్యాన్ని తానే తప్పుగా అంచనా వేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. టెస్లా మోడల్ 3 బుకింగులు 2016 మార్చి 31న మొదలయ్యాయి. తొలి వారంలోనే మూడు లక్షల ఇరవై ఐదు వేలకు పైగా బుకింగులు వచ్చాయి. 2017 జూలైలో మొదటి 30 కార్లు అందజేశారు గాని, ఆ సంవత్సరాంతానికి చేరుకుంటామన్న వారానికి 5,000 కార్ల లక్ష్యం 2018 జూన్ చివరికి గాని నెరవేరలేదు. అప్పట్లో ప్రధానమైన చిక్కు బ్యాటరీ మాడ్యూళ్ల (సెల్‌ల కట్టల) కూర్పు దగ్గర ఏర్పడింది. మీకు చెబుతున్న కారణం ఇలాంటి నిర్దిష్టమైన విషయమైతే కొంత ఓపిక పట్టవచ్చు. కారణమే చెప్పకుండా తేదీలను మాత్రం మారుస్తూ పోతే, బుకింగ్ కాగితంలోని రద్దు షరతులను చదవవలసిన సమయం వచ్చిందనుకోండి.

ప్రశ్న: నేను ఎదురుచూస్తుండగానే అదే కారుకు పెద్ద బ్యాటరీతో కొత్త వెర్షన్ వస్తుందని ప్రకటించారు. రద్దు చేసుకుని దానికోసం ఆగనా?

జవాబు: మీ రోజువారీ ప్రయాణానికి, నెలకొకసారి చేసే దూర ప్రయాణానికి ఇప్పటి బ్యాటరీ సరిపోతుంటే ఆగవద్దు. దాన్ని ఎంచుకున్న రోజున ఏ లెక్క వేసుకున్నారో ఆ లెక్క మారలేదు. ఆ లెక్కలోనే మొదటినుంచీ ఇబ్బంది ఉంటే, మార్చుకోవడానికి ఇదే అదను. అయితే ప్రకటించిన వెర్షన్‌కు మళ్లీ మొదటినుంచి వరుసలో నిలబడవలసి రావచ్చు కనుక, మీ బుకింగ్ తేదీని నిలిపి వెర్షన్ మాత్రం మార్చగలరా అని ముందు అడగండి. ధర పెరిగితే భారం ఎవరిదన్నదీ తేల్చుకోండి. ప్రభుత్వ రాయితీ ఏదైనా ఉంటే, అది బుకింగ్ తేదీని బట్టి వస్తుందా, రిజిస్ట్రేషన్ తేదీని బట్టి వస్తుందా అన్నది తప్పక చూసుకోండి. ఆలస్యం వల్ల ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే.

ప్రశ్న: కారు వచ్చేలోగా ఇంట్లో ఏమి సిద్ధం చేసుకోవాలి? ఇప్పుడున్న ప్లగ్ చాలని ఒకరు, పెద్ద ఛార్జర్ లేనిదే పని జరగదని ఒకరు అంటున్నారు.

జవాబు: ఎదురుచూసే నెలల్లో చేయవలసిన అసలు పని ఇదే. దీన్ని కారు వచ్చాక మొదలుపెట్టేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే మీటరు లోడు పెంచడానికి, అపార్ట్‌మెంట్ సంఘం అనుమతి తెచ్చుకోవడానికి, పార్కింగ్ వరకు కేబుల్ లాగించడానికి వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ కొత్త కారు ఊరికే నిలబడి ఉంటుంది, లేదంటే పొడిగింపు తీగతో ప్రమాదకరంగా ఛార్జి అవుతుంటుంది.

ముందు మీ అవసరం లెక్కించుకోండి. మధ్యతరహా ఎలక్ట్రిక్ కారు నూరు కిలోమీటర్లకు సుమారు 15 నుంచి 18 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగితే, ఛార్జింగ్‌లో పోయే పదో వంతును కలుపుకొని, ఏడెనిమిది యూనిట్లు కావాలి. 230 వోల్టుల సరఫరా ఉన్నచోట 10 ఆంపియర్లు తీసుకునే సాధారణ ఛార్జర్ గంటకు 2.3 యూనిట్లు ఇస్తుంది, అంటే మూడు నాలుగు గంటల్లో ఆ రోజు ఖర్చు తిరిగి నిండుతుంది. గోడకు బిగించే 32 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ వాల్ ఛార్జర్ గంటకు 7.4 యూనిట్లు ఇస్తుంది కాబట్టి గంటలో పని ముగుస్తుంది. మీరు రాత్రంతా కారును ఇంటి దగ్గరే ఉంచేవారైతే ప్లగ్ చాలన్నవారి మాట నిజమే. కాని 60 యూనిట్ల బ్యాటరీని 20 శాతం నుంచి 80 శాతానికి తెచ్చుకోవలసిన రోజున ఆ ప్లగ్‌కు పదిహేడు గంటలు, వాల్ ఛార్జర్‌కు అయిదున్నర గంటలు పడుతుంది. అలాంటి రోజులు మీకు నెలకు ఎన్ని వస్తాయో చూసుకుని నిర్ణయించుకోండి.

వేగం కన్నా నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది వైరింగ్ గురించి. ఇంట్లో మిక్సీ గాని ఇస్త్రీపెట్టె గాని ఒకే ధాటిగా ఎనిమిది గంటలు నడవదు, కారు నడుస్తుంది. సాకెట్‌లో ఎక్కడైనా స్క్రూ వదులుగా ఉంటే ఆ ఒక్క చోట వేడి గంటగంటకూ పెరిగి, ప్లాస్టిక్ మెత్తబడి, చివరకు కాలిపోతుంది. అందుచేత కారుకు విడిగా ఒక లైను, దానికి సొంత ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతట అదే ఆగిపోయే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపే రక్షణ పరికరం పెట్టించండి. ఎర్తింగ్‌ను ఉందన్న మాట మీద వదిలేయకుండా పరికరంతో కొలిపించండి. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు ఛార్జింగ్‌నే నిరాకరిస్తాయి, అప్పుడు కారు పాడైందని భ్రమపడతారు. పొడిగింపు తీగలు, మల్టీప్లగ్‌లు వద్దే వద్దు. పాత ఇల్లయితే, వైరు మందం సరిపోతుందో లేదో లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చూసి కాగితం మీద రాసి ఇచ్చేవరకు ఆగండి.

ప్రశ్న: పాత కారుకు ఇప్పుడు మంచి బేరం వచ్చింది. అమ్మేయవచ్చా?

జవాబు: కొత్త కారు యార్డుకు చేరి, దాని ఛాసిస్ నంబరును మీరు కళ్లారా చూసేవరకు అమ్మకండి. బేరం వదులుకోలేనిదైతే, డెలివరీ ఆలస్యమైన ప్రతి నెలా మీకు రాకపోకలకు అయ్యే ఖర్చును ఆ బేరంలోంచి తీసివేసి చూడండి.

ప్రశ్న: మా కారు నాలుగు నెలలుగా యార్డులో నిలిచి ఉందని తెలిసింది. ఇంతకాలం కదలకుండా ఉంటే బ్యాటరీ చెడిపోదా? డెలివరీ రోజున ఏమి చూసుకోవాలి?

జవాబు: మీ భయం సహజమైనదే గాని, మీరు భయపడుతున్న బ్యాటరీ వేరు, భయపడవలసిన బ్యాటరీ వేరు. కారును నడిపే పెద్ద లిథియం బ్యాటరీ సగం ఛార్జితో నాలుగు నెలలు ఉంటే దానికి జరిగే నష్టం స్వల్పం. పూర్తి ఛార్జితో మండుటెండలో, లేదా దాదాపు ఖాళీగా నెలల తరబడి వదిలేస్తేనే ఇబ్బంది. తలుపు తాళాలకు, తెరకు, కంప్యూటర్లకు కరెంటు ఇచ్చే చిన్న 12 వోల్టుల బ్యాటరీ మాత్రం అలా కాదు. అది లెడ్ యాసిడ్ రకమైతే, ఒకసారి పూర్తిగా ఖాళీ అయి అలాగే ఉండిపోతే దాని ఆయుష్షు శాశ్వతంగా తగ్గిపోతుంది. అది చచ్చిపోతే, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు లేవదు. కాబట్టి ఈ నాలుగు నెలల్లో దాన్ని ఎన్నిసార్లు ఛార్జి చేశారో, ఇప్పుడు పరీక్షించి చూపగలరో లేదో అడగండి, సందేహం ఉంటే డెలివరీకి ముందే మార్చి ఇమ్మని కోరండి.

ఆ రోజున పగటి వెలుతురులో వెళ్లండి, రెండు గంటలు తీరిక చేసుకుని వెళ్లండి. నెలల ఎదురుచూపు తరువాత తాళం చెవి కళ్లముందు కనబడితే, మనిషి ఏ కాగితం మీదనైనా సంతకం పెట్టేస్తాడు. ఈ మాట తప్పుపట్టడానికి కాదు, ఆ క్షణాన్ని మీరు ముందే ఊహించుకుని ఉండాలని చెబుతున్నాను. సంతకానికి ముందే ఛాసిస్ నంబరును కాగితాలతో సరిపోల్చండి. టైరు అంచు మీద ముద్రించిన కోడులో చివరి నాలుగు అంకెలు ఆ టైరు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి, నాలుగింటికీ చూడండి. రవాణాలో టైర్లు ఒకవైపు అణగకుండా గాలి ఎక్కువ నింపుతారు, దాన్ని సరైన కొలతకు తగ్గించారో లేదో అడగండి. రవాణా సమయంలో బ్యాటరీ ఖర్చు కాకుండా కొన్ని సౌకర్యాలను ఆపి ఉంచే ట్రాన్స్‌పోర్ట్ మోడ్‌ను తీసివేశారో లేదో కూడా తెలుసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యంగా, మీ ముందే కారును రెండు రకాలుగానూ ఛార్జి చేసి చూపించమనండి: నెమ్మదైన ఏసీ ఛార్జర్‌తో ఒకసారి, వేగవంతమైన డీసీ ఛార్జర్‌తో ఒకసారి, ఒక్కొక్కటి అయిదు నిమిషాలు చాలు. పెయింటు మీద గీత ఉంటే ఎవరైనా గమనిస్తారు, ఛార్జింగ్ పోర్టులోని లోపం మాత్రం ఇంటికి వచ్చిన రాత్రి గాని బయటపడదు. బ్యాటరీ వారంటీ చాలా సంస్థల్లో ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, సామర్థ్యం 70 శాతానికి తగ్గకుండా అన్న షరతుతో ఉంటుంది. అది కారు తయారైన తేదీ నుంచి కాక, మీకు అందిన తేదీ నుంచి మొదలైనట్లు రాయించుకోండి.

ప్రశ్న: డెలివరీ తీసుకున్న రోజే అమ్మానాన్నల్ని ఎక్కించుకుని 300 కిలోమీటర్ల దూరం వెళ్లాలని మా కోరిక. కారు రేంజి 420 అని రాశారు. వెళ్లవచ్చా?

జవాబు: వారం ఆగి వెళ్లండి. ఆ 420 డబ్ల్యూఎల్‌టీపీ అనే ప్రామాణిక రేంజి పరీక్షలో వచ్చినదైతే, ఆ పరీక్షలో సగటు వేగం గంటకు 46 కిలోమీటర్ల చిల్లర మాత్రమే. హైవే మీద నిలకడగా 110లో వెళితే గాలి నిరోధం బాగా పెరిగి, అంత దూరం రాదు. దారిలో ఒకచోట వేగంగా ఛార్జి చేసుకోవలసి వస్తుందనుకునే బయలుదేరాలి, అదీ 10 శాతం నుంచి 80 శాతం వరకే, ఎందుకంటే ఆపైన ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. ఈ వారంలో యాక్సిలరేటర్ వదలగానే కారు తానే వేగం తగ్గించుకుని బ్యాటరీకి కరెంటు తిరిగి పంపే తీరుకు మీ పాదం అలవాటు పడుతుంది. అలవాటు కాకముందు అది కుదుపుగా ఉండి, వెనుక కూర్చున్న పెద్దవారికి కడుపులో తిప్పినట్లవుతుంది. ఛార్జింగ్ సంస్థల యాప్‌లను కారు రాకముందే ఫోనులో పెట్టుకుని, ఇంటికి దగ్గరలోని స్టేషన్‌లో ఒకసారి వాడి చూసుకోండి. దారిలో మీరు అనుకున్న స్టేషన్ పనిచేయకపోతే వెళ్లడానికి రెండోదాన్ని ముందే గుర్తించి పెట్టుకుని, దాన్ని చేరడానికి సరిపడే ఛార్జి ఎప్పుడూ మిగిలి ఉండేలా బయలుదేరండి.