విస్తరణ సిబ్బంది, యువ వాలంటీర్ల శిక్షణ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను దేవరకొండ ప్రాంతంలో వ్యవసాయ విస్తరణ అధికారిణిగా పనిచేస్తున్నాను. నా క్లస్టర్‌లో, అంటే నా పరిధిలోని ఊళ్లలో, ఎక్కువ భాగం పత్తి, కొంత కంది, బోర్ల కింద వరి, అక్కడక్కడ బత్తాయి తోటలు ఉన్నాయి. పంటల నమోదు, రైతుబీమా కాగితాల పనుల్లో పడి చేన్లకు వెళ్లే సమయం తగ్గిపోతోంది. ఈ వానాకాలం మా ఊళ్లలోని డిగ్రీ విద్యార్థులు, యువజన సంఘం సభ్యులు కొందరు రైతులకు సాయపడతామని ముందుకొచ్చారు. వారికి రైతువేదికలో (ఊళ్లలోని రైతుల సమావేశ భవనంలో) రెండు రోజులు తరగతులు పెట్టాలనుకుంటున్నాను. ఏ అంశాలు చెప్పాలి? నాకు ఇచ్చిన శిక్షణలు కూడా చాలావరకు హాలులో కూర్చుని విన్నవే. నా నైపుణ్యం పెంచుకోవడానికి మార్గమేమిటి?

జవాబు: మీ ఉత్తరంలో ‘రెండు రోజులు’ అన్నచోటే నాకు అభ్యంతరం ఉంది. విత్తనశుద్ధి మొదలుకొని మార్కెట్ ధరల దాకా అన్నీ రెండు రోజుల్లో చెప్పేస్తే, మూడో రోజున ఆ పిల్లలు చేను గట్టు మీద నిలబడి ఏం చేయాలో తోచక తిరిగి వస్తారు. పంటకాలం పొడవునా వారానికి రెండు గంటల చొప్పున, ఒకే చేనులో, ఒకే రోజున కలిసేలా ఏర్పాటు చేసుకోండి. పొలంబడి పద్ధతికి పునాది ఇదే. 1989లో ఇండోనేషియాలో వరి రైతులతో మొదలైన ఆ విధానంలో పాతిక మంది దాకా రైతులు వారం వారం ఒక చేనులో కలుసుకుని, మొక్కనూ పురుగునూ మిత్రపురుగునూ తామే చూసి, చార్టు మీద బొమ్మ గీసి, ఆ వారం ఏం చేయాలో తామే చర్చించి తేల్చుకుంటారు. అక్కడ అధికారి పని ఉపన్యాసం ఇవ్వడం కాదు, తగిన ప్రశ్న వేయడం.

ఇక అంశాల సంగతి. మొదటి ఏడాది ఒక్క పంట, ఒక్క సమస్య చాలు. మీది పత్తి ప్రాంతం కనుక గులాబీ రంగు పురుగునే తీసుకోండి. విత్తిన 45 రోజుల నుంచి చేనులో ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టలు కట్టించి, అందులో పడిన రెక్కల పురుగులను రోజూ ఉదయం లెక్కపెట్టి పుస్తకంలో రాసే పని వాలంటీర్లకు అప్పగించండి. వరుసగా మూడు రాత్రులు ఒక్కో బుట్టలో 8 చొప్పున పడితే నష్టపరిమితికి, అంటే నివారణ చర్య తీసుకోవలసిన స్థాయికి, చేరినట్టు. పూత దశలో రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డిపూలను లెక్కించడం నేర్పండి. కాయ దశకు వచ్చాక, గట్టు పక్కన చేతికందిన మొక్కలు కాకుండా చేనంతా తిరుగుతూ వేర్వేరు మొక్కల నుంచి 20 పచ్చి కాయలు కోయించి, ఒక గుడ్డ మీద పరిచి, ఒక్కొక్కటీ చాకుతో చీల్పించండి. పైకి నున్నగా ఉన్న కాయలోనే లోపల గింజను తొలుస్తున్న పురుగు కనబడుతుంది. 20 కాయల్లో రెండింటిలో బతికున్న పురుగు ఉంటే నూటికి పది, అంటే మందు గురించి ఆలోచించాల్సిన స్థాయి. అంతకు తక్కువైతే ఆ వారం పిచికారీ ఖర్చు మిగిలినట్టే. ఈ పని చేసేటప్పుడు రైతు పక్కనే ఉండాలి, చాకు వీలైతే ఆయన చేతిలోనే ఉండాలి. తన చేనులో తానే చీల్చి చూసిన కాయ మీద ఉండే నమ్మకం మన మాట మీద ఉండదు.

ఒక హద్దు మాత్రం మొదటి రోజే గట్టిగా చెప్పండి. వాలంటీరు ఏ రైతుకూ మందు పేరు చెప్పకూడదు, మోతాదు అసలే చెప్పకూడదు. లెక్క రాయడం, చూపించడం, మీకు చేరవేయడం వరకే వారి పని. సలహా మీది, అవసరమైతే శాస్త్రవేత్తది. మందు కొట్టిన చేనులోకి చెప్పిన గడువు తీరేవరకు పిల్లలను పంపకూడదన్నది కూడా ఈ హద్దులోకే వస్తుంది. ఈ కట్టుబాటు వారిని చిన్నబుచ్చడానికి కాదు; పంట పోతే నింద మోయవలసిన స్థితి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రాకూడదు.

చదువు తక్కువైన పల్లెల్లో ఇలాంటి లెక్కలు సాగుతాయా అని ఎవరైనా అంటే, మన జిల్లాల అనుభవమే సమాధానం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2000 తర్వాతి దశాబ్దంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజలాల నిర్వహణ పథకం నడిచింది. వాటిలో నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి. ఊరి స్త్రీపురుషులే రోజూ వానమాపకం చదివి, పదిహేను రోజులకోసారి ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం కొలిచి, ఆ అంకెలను ఊరి గోడ మీది బోర్డుపై అందరికీ కనబడేలా రాశారు. యాసంగికి ముందు ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావలసిందెంత అని కూర్చుని లెక్క కట్టారు. ఎవరే పంట వేయాలన్నది మాత్రం ఆ లెక్క చూసి రైతులే ఎవరికి వారు నిర్ణయించుకున్నారు. బోర్ల మీద ఆధారపడిన మీ క్లస్టర్‌లో రెండో ఏడాది వాలంటీర్లకు అప్పగించదగిన పని ఇదే అని నా అభిప్రాయం.

సమయం గురించి ఒక మాట. కలుపు తీత, పత్తి ఏరడం ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచే మన ప్రాంతంలో పదకొండు గంటలకు రైతువేదికలో సమావేశం పెడితే వచ్చేది మగవాళ్లే. చేనులోనే పొద్దున్నే కలవండి, లేదా వంటలు ముగిశాక రాత్రి వాడలో కూర్చోండి. వాలంటీర్లలో సగం మందైనా అమ్మాయిలు ఉండేలా చూడండి.

మీ స్వంత శిక్షణ విషయానికి వస్తే, ఒక్కొక్కరి మీద అయిదు వేల ఎకరాల బాధ్యత పెట్టి, హాజరు పట్టీ నింపి భోజనం పెట్టి పంపించేదాన్ని శిక్షణ అనుకోవడం విస్తరణ సిబ్బందికి జరుగుతున్న అన్యాయమని నేను నమ్ముతాను. నేర్చుకున్నది చేనులో చేసి, రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చి ఏం కుదిరింది, ఏం కుదరలేదో చెప్పుకునే వీలు ప్రతి శిక్షణలోనూ ఉండాలి. ఆ అవకాశం కల్పించమని మీ మండల వ్యవసాయాధికారిని, సహాయ సంచాలకులను రాతపూర్వకంగా అడగండి. త్రిపురారం మండలంలోని కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం మీ జిల్లాలోనే ఉంది. మెట్ట పంటలకైతే పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడి శాస్త్రవేత్తను మీ చేనుకు ఒక్కసారి రప్పించగలిగితే హాలులో పది ఉపన్యాసాలకన్నా మేలు. రైతువేదికలో శాస్త్రవేత్తలు వీడియోలో రైతులతో మాట్లాడే ‘రైతు నేస్తం’ ప్రసారం ఉన్న రోజుల్లో మీ వాలంటీర్ల పుస్తకంలోని అంకెలనే ప్రశ్నగా శాస్త్రవేత్తల ముందు పెట్టండి. ‘పత్తికి పురుగు వచ్చింది, ఏం చేయాలి’ అంటే వచ్చే జవాబు వేరు, ‘ముగ్గురి చేన్లలో 20 కాయలకు ఇన్నింటిలో పురుగు ఉంది’ అంటే వచ్చే జవాబు వేరు.

పట్టా కావాలనుకుంటే రాజేంద్రనగర్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ) ప్రభుత్వ విస్తరణ సిబ్బంది కోసం వ్యవసాయ విస్తరణ నిర్వహణలో ఏడాది దూరవిద్యా పీజీ డిప్లొమా నడుపుతోంది. అర్హత, ఆత్మ (వ్యవసాయ సాంకేతికత నిర్వహణ సంస్థ) పథకం కింద రుసుము వెసులుబాటు సంగతి జిల్లా కార్యాలయంలో కనుక్కోండి. అదే సంస్థ ఎరువులు, పురుగుమందుల దుకాణదారులకు కూడా ‘దేశీ’ అనే ఏడాది డిప్లొమా నడుపుతోంది. రైతు మీకన్నా ముందు వెళ్లేది దుకాణానికే కనుక, ఆ చదువు పూర్తిచేసిన డీలరు మీ ఊళ్లో ఉంటే ఆయనను మీ పొలంబడికి తప్పక పిలవండి.

ప్రశ్న: నేను మక్తల్ వైపు డిగ్రీ చదువుతున్నాను, జాతీయ సేవా పథకంలో వాలంటీరును. చేన్లకు వెళితే పెద్దవాళ్లు ‘మీకేం తెలుసు బిడ్డా’ అంటున్నారు. అసలు ఈ పని మాకు ముందుముందు ఏమైనా అక్కరకొస్తుందా?

జవాబు: నాయనా, ఆ మాటకు నొచ్చుకోవద్దు. ముందు వారి దగ్గర నేర్చుకోవడానికే వచ్చామని చెప్పి, కంది ఎప్పుడు విత్తారు, ఏ రకం, కిందటేడు ఎంత పండింది అని అడిగి రాసుకో. అడిగినవాడికి పెద్దలు చెబుతారు, చెప్పబోయినవాడిని పంపేస్తారు. మీ పథకంలో రెండేళ్లకు 240 గంటల సేవ ఉంటుంది. దాన్ని రోడ్లు ఊడ్చడంతోనే సరిపెట్టకుండా, ఏడాదికి వచ్చే 120 గంటల్లో కొంత భాగాన్ని పంటకాలానికి కేటాయించమని మీ ప్రోగ్రాం అధికారిని అడగండి.

భవిష్యత్తు సంగతి దాచకుండా చెబుతాను. వాలంటీరు పని ఉద్యోగానికి హామీ కాదు. అయితే ఆత్మ ద్వారా గ్రామీణ యువతకు ఇచ్చే వారం రోజుల నైపుణ్య శిక్షణలు ఉన్నాయి. వ్యవసాయంలో డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవారికైతే, సొంతంగా వ్యవసాయ సలహా, సేవా కేంద్రాలు పెట్టుకునేందుకు 2002లో మొదలైన అగ్రిక్లినిక్ పథకం కింద 45 రోజుల ఉచిత శిక్షణ, ఆ తర్వాత బ్యాంకు రుణంపై 36 శాతం, స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు 44 శాతం రాయితీ ఉన్నాయి. నీ చదువు వేరే అయితే, ఆ అర్హత ఉన్న మిత్రుడితో కలిసి పని చేయడం గురించి ఆలోచించు.

ప్రశ్న: కల్వకుర్తి దగ్గర మా యువజన సంఘం వేసవిలో మట్టి నమూనాలు తీసే పని చేయవచ్చా?

జవాబు: చేయవచ్చు, చేయాలి కూడా. పంట కోశాక, ఎరువు తోలక ముందు తీయండి. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంటకుప్ప వేసిన చోట తీయకండి. చేనంతా వంకర టింకరగా నడుస్తూ ఎనిమిది, పది చోట్ల ఆంగ్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, అంచు మట్టిని పైనుంచి కిందికి సమానంగా గీకి తీయాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అరకిలో మిగిలేవరకు అదే చేయాలి. నీడలో ఆరబెట్టి, రైతు పేరు, సర్వే నంబరు, వేయబోయే పంట రాసిన చీటీతో విస్తరణ అధికారికి అందజేయాలి. ఫలితాల కార్డు వచ్చిన రోజున నమూనా తీసిన సభ్యుడే దాన్ని ఆ రైతు ఇంటికి తీసుకెళ్లి, అధికారి సమక్షంలో చదివి వినిపించేలా ముందే మాట తీసుకోండి.