బోరింగ్ చేయించిన బండి 180 కిలోమీటర్లకే పట్టేస్తే

బోరు (పిస్టన్ ఆడే గొట్టం) కోయించి కొత్త పిస్టన్ వేయించిన 100 సీసీ బండి 180 కిలోమీటర్లకే పట్టేసిందన్నారు, అంటే పిస్టన్ ఇరుక్కుపోయిందన్నారు కదండీ. దయచేసి కిక్ బలవంతంగా కొట్టకండి, వేరే మెకానిక్‌తో విప్పించకండి. ఆయిల్ లెవెల్ ఫొటో తీసి, పని చేసిన షెడ్డులోనే మీ ఎదురుగా విప్పించండి.

ముందు ఇంజిన్ పైభాగంలో వాల్వులను కదిలించే క్యామ్, రాకర్లు చూడండి. అవి మాడి నీలం తిరిగితే పైకి ఆయిల్ ఎక్కలేదన్నమాట. నా మొదటి అనుమానం ఇదే: బ్లాక్ (బోరు ఉండే భాగం) కింది ప్యాకింగ్‌కి పేస్ట్ ఎక్కువ పూస్తే, బోల్టులు బిగించేటప్పుడు అది పిండుకుని ఆయిల్ రంధ్రంలోకి దూరి గట్టిపడుతుంది. క్యామ్ నున్నగా ఉండి, పిస్టన్ చుట్టూ గీతలుంటే బోరు బిగుతుగా కోసినట్టు. పిస్టన్ రింగును బోరులో పెట్టి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులతో) చివరల సందు కూడా కొలిపించండి. 0.1 మి.మీ. కూడా లేకపోతే వేడికి చివరలు గుద్దుకుని బోరును గీకేస్తాయి.

పాడైన పిస్టన్, బిల్లు మీ దగ్గరే ఉంచుకోండి. మళ్లీ లేబర్ అడిగితే ఒప్పుకోకండి. మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు 2 ఏళ్ల గడువుంది.

తిరిగి బిగించాక ప్లగ్ తీసి, ఇంజిన్ పైనున్న ట్యాపెట్ మూత దగ్గర ఆయిల్ కనిపించేదాకా కిక్ కొట్టించి, అప్పుడే స్టార్ట్ చేయించండి.