దూరంగా ఉన్న ఫోన్‌ను రీస్టార్ట్ చేయాలంటే ముందు పిన్ సంగతి చూసుకోండి

ఇంట్లో వదిలేసి వచ్చిన ఫోన్ నాలుగో రోజు నుంచి పలకడం లేదు, కాల్ చేస్తే రింగ్ అవుతోంది గానీ వాట్సాప్‌లో ఒక్క టిక్కే పడుతోంది, ఇంటికి తాళం వేసి ఉంది, ఉన్నచోటి నుంచే రీస్టార్ట్ చేసే దారి ఉందా అని అడిగారు. మోడల్ ఏదో రాయలేదు కాబట్టి ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ కలిపే చెబుతాను.

ముందుగా ఏ ఏర్పాటూ చేసుకోని మామూలు ఫోన్‌ను దూరం నుంచి రీస్టార్ట్ చేయలేం. గూగుల్ ఫైండ్ హబ్‌లో, అంటే 2025 వరకు ఫైండ్ మై డివైస్ అని పిలిచిన దానిలో, ఫోన్ ఎక్కడుందో చూడొచ్చు, మోగించొచ్చు, లాక్ చేయొచ్చు, అందులో ఉన్నదంతా చెరిపేయొచ్చు. ఆపిల్ ఫైండ్ మైలోనూ దాదాపు ఇవే. రీస్టార్ట్ అనే బటన్ రెండింటిలోనూ లేదు. చెరిపేస్తే ఎలాగూ మళ్లీ ఆన్ అవుతుంది కదా అని ఆ బటన్ నొక్కేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఫోన్ ఆన్ అవుతుంది, కానీ కొత్త ఫోన్‌లా మొదటి స్క్రీన్ దగ్గర నిలబడుతుంది. దాన్ని మళ్లీ సెటప్ చేయడానికి ఇంట్లో మనిషి ఉండాల్సిందే, పైగా బ్యాకప్ లేని ఫోటోలన్నీ పోతాయి.

ఇంతటితో ఆపేయొచ్చు గానీ, మీ ఫోన్ లక్షణాలు చదివితే నాకు జరిగిందే గుర్తొచ్చింది. ఆ రోజు నేను రీస్టార్ట్ చేయగలిగాను. చేయకుండా ఉంటే బాగుండేది.

నా రెండో నంబరు ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను టేబుల్ మీద చార్జింగ్‌లో పెట్టి, ఆ నంబరుకు వచ్చే మెసేజ్‌లు నా మెయిల్‌కు పంపే యాప్ ఒకటి, దూరం నుంచి స్క్రీన్ చూసి నడిపే యాప్ ఒకటి వేసుకుని ఊరు వెళ్లాను. మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత మెసేజ్‌లు గంటల ఆలస్యంగా రావడం మొదలైంది. రిమోట్ యాప్‌లో చూస్తే స్క్రీన్ నత్తలా కదులుతోంది. ఒకసారి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది అనుకున్నాను. ఆ యాప్‌కు యాక్సెసిబిలిటీ పర్మిషన్, అంటే స్క్రీన్ చూసి నా బదులు నొక్కే అనుమతి, ఇచ్చి ఉంచాను కాబట్టి పవర్ మెనూ తెరవగలిగాను. రీస్టార్ట్ మీద నొక్కాను. స్క్రీన్ నల్లబడింది.

ఐదు నిమిషాలు చూశాను. అరగంట చూశాను. ఆఫ్‌లైన్ అన్న మాట మారలేదు. ఫోన్ ఆన్ కాలేదేమో అని టెన్షన్‌తో ఆ నంబరుకే కాల్ చేస్తే రింగ్ అయింది. ప్రాణం లేచి వచ్చింది. అయినా రిమోట్ యాప్ రాదు, మెసేజ్‌లు రావు, వాట్సాప్ ఒక్క టిక్కు. అప్పటిదాకా ఆలస్యంగానైనా వస్తున్నవి పూర్తిగా ఆగిపోయాయి. పదహారు రోజుల తర్వాత ఇంటికి వెళ్లి స్క్రీన్ తడితే, ఫోన్ రీస్టార్ట్ అయింది కాబట్టి పిన్ కొట్టమని అడుగుతోంది. అన్ని రోజులూ అది అడుగుతున్నది అదొక్కటే. నాలుగు అంకెలు కొట్టగానే పదహారు రోజుల వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కసారిగా దిగాయి. వైబ్రేషన్‌కు ఫోన్ టేబుల్ మీద కొంచెం కొంచెంగా పక్కకు జరగడం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

ఇలా ఎందుకు అవుతుందంటే, ఫోన్‌లోని మన డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఎవరూ చదవలేని రూపంలోకి మారి, ఉంటుంది. దాన్ని తెరిచే తాళంచెవి మన పిన్‌తో ముడిపడి ఉంటుంది. రీస్టార్ట్ అయ్యాక మొదటిసారి పిన్ కొట్టేదాకా ఆ డేటా తెరుచుకోదు, దాని మీద ఆధారపడ్డ యాప్‌లు మొదలవవు. ఆండ్రాయిడ్ 7 నుంచి డైరెక్ట్ బూట్ అనే పద్ధతి ఉంది. దానివల్ల పిన్ కొట్టకముందే కాల్స్ వస్తాయి, అలారం మోగుతుంది. కానీ ఆ పద్ధతికి తగ్గట్టు ప్రత్యేకంగా తయారు చేసిన యాప్‌లే ఆ దశలో నడుస్తాయి. నేను వేసుకున్న రెండు యాప్‌లూ అలాంటివి కావు. ఐఫోన్‌లోనూ ఇదే కథ. రీస్టార్ట్ చేసి పాస్‌కోడ్ కొట్టకుండా వదిలేస్తే కాల్ వస్తుంది గానీ కాంటాక్ట్ పేరు కనిపించదు, నంబరే కనిపిస్తుంది. పైగా సేవ్ చేసి ఉన్న వైఫైకి కూడా తనంతట తాను కనెక్ట్ కాదు. సిమ్‌కు విడిగా పిన్ పెట్టుకుని ఉంటే ఇంకా కష్టం. ఆ పిన్ కొట్టేదాకా నెట్‌వర్కే ఉండదు, కాల్ కూడా పోదు.

ఇప్పుడు మీ ఫోన్ సంగతికి వస్తాను. నాలుగో రోజు నుంచి అన్నారు చూడండి, నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఐఓఎస్ 18.1 నుంచి, మూడు రోజులు ఎవరూ అన్‌లాక్ చేయని ఐఫోన్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. దొంగ చేతికి దొరికిన ఫోన్ నుంచి డేటా లాగడం కష్టం చేయడానికి ఈ ఏర్పాటు. ఆండ్రాయిడ్ 16లో అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ అనే అదనపు భద్రతా సెట్టింగ్ ఆన్ చేసుకున్నవాళ్లకూ 72 గంటల లెక్కతో ఇదే జరుగుతుంది. సామ్‌సంగ్ ఫోన్లలో ఆటో రీస్టార్ట్ సెట్టింగ్ వేరే ఉంది. కాల్ రింగ్ అవుతోందంటే ఫోన్ ఆన్‌లోనే ఉంది, నెట్‌వర్క్‌లోనే ఉంది. యాప్‌లు మాత్రమే పలకడం లేదు. అంటే మీ ఫోన్ ఈపాటికే ఒకసారి రీస్టార్ట్ అయి, పిన్ కోసం ఎదురుచూస్తూ ఉండే అవకాశం బాగా ఉంది. అదే నిజమైతే ఇంకోసారి రీస్టార్ట్ చేసినా ఒరిగేదేమీ లేదు.

అయితే అదొక్కటే కారణం అనుకోకండి, వైఫై కూడా చూడండి. ఫోన్ ఇంటి వైఫై మీదే నడుస్తూ, రూటర్ హ్యాంగ్ అయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. అదే వైఫై మీద ఉన్న కెమెరా గానీ టీవీ గానీ ఇంకేదైనా పరికరం ఆన్‌లైన్‌లో ఉందో లేదో దాని యాప్‌లో చూడండి. అన్నీ ఒకే రోజు పోయి ఉంటే తప్పు ఫోన్‌ది కాదు. మళ్లీసారి వెళ్లేటప్పుడు రూటర్‌ను స్మార్ట్ ప్లగ్‌కు పెట్టి, రోజుకోసారి తెల్లవారుజామున రెండు నిమిషాలు ఆగి మళ్లీ వచ్చేలా టైమర్ పెట్టండి. టైమర్ ప్లగ్‌లోనే నిల్వ ఉండే రకం అయితేనే తీసుకోండి. రూటర్ హ్యాంగ్ అయ్యాక మీరు ఫోన్ నుంచి పంపే ఆజ్ఞ ప్లగ్‌కు చేరదు కదా.

ఇదే కిటుకు ఫోన్‌కు పనిచేస్తుందా అని చాలామంది అడుగుతారు. పనిచేయదు. చార్జర్‌కు కరెంటు ఆపినా బ్యాటరీ మీద ఫోన్ నడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయి ఆగాక కరెంటు ఇస్తే ఐఫోన్ తనంతట తాను ఆన్ అవుతుంది గానీ, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు చార్జింగ్ బొమ్మ చూపించి ఊరుకుంటాయి. ఆన్ అయినా మళ్లీ పిన్ దగ్గరికే వస్తాం.

ప్లే స్టోర్ వెబ్‌సైట్ నుంచి ఫోన్‌లోకి ఏదైనా యాప్ పంపి దానితో రీస్టార్ట్ చేయొచ్చన్న సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. యాప్ ఇన్‌స్టాల్ అవడం నిజమే. కానీ కొత్తగా వచ్చిన యాప్‌ను ఒక్కసారైనా చేత్తో తెరవకపోతే ఆండ్రాయిడ్ దాన్ని తనంతట తాను నడవనివ్వదు. తెరిచినా, రూట్ చేయని, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తీసుకోని, ఫోన్‌లో మామూలు యాప్‌కు ఫోన్‌ను నేరుగా రీస్టార్ట్ చేసే అధికారం ఉండదు. కంప్యూటర్ నుంచి ఫోన్‌ను నడిపే ఏడీబీ అనే సాధనంలో రీబూట్ కమాండ్ ఉంది, మంచిదే, కానీ ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ అనే డెవలపర్ సెట్టింగ్ ముందే ఆన్ చేసి, ఆ కంప్యూటర్‌ను ఫోన్‌లో అనుమతించి ఉండాలి. వైర్‌లెస్‌గా చేయాలన్నా కంప్యూటర్ అదే వైఫైలో ఉండాలి.

నిజంగా దూరం నుంచి రీస్టార్ట్ చేసే అధికారం ఉన్నది కంపెనీలు ఉద్యోగులకు ఇచ్చే ఫోన్లకు. అది ఎండీఎం పద్ధతి, అంటే కంపెనీ తన ఫోన్లన్నింటినీ ఒకచోటి నుంచి నిర్వహించడం. ఆండ్రాయిడ్ 7 నుంచి, డివైస్ ఓనర్‌గా, అంటే ఫోన్ మొత్తం మీద అధికారంతో, పెట్టిన యాప్ ఫోన్‌ను రీస్టార్ట్ చేయగలదు, కాల్ నడుస్తున్నప్పుడు మాత్రం ఒప్పుకోదు. ఐఫోన్‌లో ఐఓఎస్ 10.3 నుంచి ఉంది, కానీ సూపర్‌వైజ్డ్‌గా, అంటే కంపెనీ అదుపులో, పెట్టిన ఫోన్లకే. ఈ రెండూ మామూలుగా ఫోన్‌ను మొత్తం చెరిపి, మొదటి సెటప్‌లోనే పెట్టాల్సినవి. మీది ఆఫీసు ఇచ్చిన ఫోన్ అయితే ఐటీ వాళ్లను అడగండి, వాళ్ల దగ్గర ఆ బటన్ ఉండొచ్చు. నొక్కే ముందు మాత్రం, రీస్టార్ట్ అయ్యాక లాక్ ఎవరు తీస్తారో వాళ్లతో మాట్లాడండి. వాళ్లు కూడా దాన్ని మర్చిపోతారు.

నేను ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. ఇంట్లో ఒంటరిగా ఉండాల్సిన ఫోన్‌ను ఆ పనికే కేటాయించాను. అందులో బ్యాంకు యాప్‌లు లేవు, నా అసలు మెయిల్ లేదు, ఫోటోలు లేవు, బ్యాంకుకు ఇచ్చిన నంబరు సిమ్ కూడా తీసేశాను. కాబట్టి స్క్రీన్ లాక్, సిమ్ పిన్ రెండూ తీసేయడానికి మనసు ఒప్పుకుంది. లాక్ లేకపోతే రీస్టార్ట్ అవగానే డేటా తెరుచుకుంటుంది, యాప్‌లు మొదలవుతాయి. దానికి తోడు వారానికోసారి తనంతట తానే రీస్టార్ట్ అయ్యేలా పెట్టాను. సామ్‌సంగ్‌లో ఇది డివైస్ కేర్ కింద ఉంటుంది. స్క్రీన్ ఆఫ్‌లో ఉండి, బ్యాటరీ 30 శాతం పైన ఉండి, సిమ్ లాక్ లేకపోతేనే అది పనిచేస్తుంది. ఇంకొన్ని కంపెనీల ఫోన్లలో షెడ్యూల్డ్ పవర్ ఆన్ ఆఫ్ అనే పేరుతో ఉంది. మీ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయడం, ఆటోస్టార్ట్ అని ఉంటే ఆన్ చేయడం మర్చిపోకండి. అన్నీ పెట్టాక ఇంట్లో ఉండగానే రీస్టార్ట్ చేసి, ఫోన్‌ను ముట్టుకోకుండా పక్క గది నుంచి పరీక్షించండి. నేను మొదటిసారి చేయనిది ఈ పరీక్షే.

వ్యక్తిగత డేటా ఉన్న ఫోన్‌కు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లాక్ తీయకండి. అలాంటిదాన్ని వెంట తీసుకెళ్లడమో, నమ్మకమైన మనిషి దగ్గర పెట్టడమో మేలు.

మనిషి దగ్గర ఉన్న ఫోన్ అయితే పని తేలిక అనుకుంటాం గానీ అక్కడా పిన్ చిక్కే వస్తుంది. మా అమ్మ ఫోన్‌లో నెట్ పనిచేయకపోతే కాల్‌లోనే రీస్టార్ట్ చేయించాను. ఆమె నెలల తరబడి వేలిముద్రతోనే తీస్తోంది. రీస్టార్ట్ అయ్యాక మొదటిసారి వేలిముద్ర పనిచేయదు, పిన్నే కావాలి. ఆ పిన్ ఆమెకు గుర్తులేదు. "నేనేం తప్పు చేశాను రా?" అని అడిగితే నాకు నోట మాట రాలేదు, తొందరపడింది నేను. చివరికి పాత డైరీ వెనక అట్ట మీద రాసి ఉందని మర్నాటికి దొరికింది. అప్పటి నుంచి ఎవరి ఫోన్ అయినా రీస్టార్ట్ చేయించే ముందు సెట్టింగ్స్‌లో స్క్రీన్ లాక్ మీద నొక్కమంటాను. అక్కడ పాత పిన్ అడుగుతుంది. అది సరిగ్గా కొట్టగలిగితే వెనక్కి వచ్చేసి రీస్టార్ట్ చేయమంటాను. కొత్త ఫోన్లలో పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే అసిస్టెంట్ వస్తుంది కాబట్టి, పై నుంచి ప్యానెల్ కిందికి లాగి అందులోని పవర్ గుర్తు నొక్కమని చెప్పడం సులువు. "ఇప్పుడు కాల్ కట్ అవుతుంది, కంగారుపడకు, మళ్లీ నేనే చేస్తాను" అని ముందే చెప్పండి.

ఇంకొక జాగ్రత్త. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఫోన్ బాగుచేస్తామని చెప్పి రిమోట్ యాప్ వేయమన్నా, యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇమ్మన్నా వెంటనే కాల్ కట్ చేయండి. నా ఫోన్‌ను నేను ఏ దారిలో నడిపానో, ఖాతాలు ఖాళీ చేసేవాళ్లు వాడుకునేదీ అదే దారి.

ప్రస్తుతానికి మీరు చేయదగింది: ముందు వైఫై సంగతి తేల్చుకోండి. తర్వాత ఆ ఫోన్‌కు రావాల్సిన ముఖ్యమైన విషయాలు ఏమున్నాయో చూసుకుని, వాట్సాప్‌లో తెలిసినవాళ్లకు వేరే నంబరు ఇవ్వండి. ఆపరేటర్ యాప్‌లోనో కస్టమర్ కేర్‌లోనో కాల్ ఫార్వర్డింగ్ పెట్టే వీలుందేమో కనుక్కోండి. ఇంటి తాళంచెవి ఎవరి దగ్గరైనా ఉంటే వెళ్లి మీ ఎదురుగా, వీడియో కాల్‌లో, పిన్ కొట్టమనండి. వచ్చాక ఆ పిన్ మార్చేసుకోండి. మోడల్, మీరు వెళ్లిన రోజు రాస్తే అది తనంతట తానే రీస్టార్ట్ అయి ఉంటుందో లేదో ఇంకొంచెం గట్టిగా చెప్పగలను.