మ్యాప్ బూడిద రంగులో ఉందని ముందు రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ రాత్రే చదివా, పొద్దున్న లేచి ఇంకోసారి చదివా. వెబ్ పేజీలో పెట్టిన మ్యాప్ సరిగ్గా కనపడకపోతే ఏం చెయ్యాలో రాశావు, సబ్జెక్ట్ నీకు బాగానే వచ్చు, కానీ మొదటి మూడు పేరాలు ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని పని అడిగే దారి) అంటే ఏంటి, టైల్స్ (పక్కపక్కన పేర్చితే మ్యాప్ అయ్యే చదరపు బొమ్మలు) అంటే ఏంటి అని చెప్పడానికే అయిపోయాయి. చదివేవాడు పాఠం కోసం రాలేదు కదా, వాడి పేజీలో మ్యాప్ ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ ఉంది, అవతల క్లయింట్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. వాడికి కారణం తెలిస్తే నీ దాకా ఎందుకొస్తాడు, కంటికి ఏం కనపడుతోందో అదొక్కటే తెలుసు, నువ్వూ అక్కడే మొదలుపెట్టు.

మొత్తం ఖాళీ, కన్సోల్‌లో (బ్రౌజర్ తప్పుల్ని చూపించే చోటు) ఎర్రగా ఏమీ లేదు అనుకో, డివ్ హైట్ చూడమను, డివ్ అంటే పేజీలో మ్యాప్ కూర్చునే డబ్బా. లీఫ్‌లెట్ (పేజీలో మ్యాప్ పెట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) అయినా గూగుల్ మ్యాప్స్ అయినా హైట్ ఇవ్వకపోతే ఆ డివ్ సున్నాకి పడిపోతుంది. 100 శాతం ఇచ్చానండీ అంటారు, పైనున్న డివ్‌కే హైట్ లేనప్పుడు దేంట్లో 100 శాతం? ఒక్కసారి 400 పిక్సెల్స్ అని పెట్టి చూడమను, మ్యాప్ వచ్చిందంటే దొంగ దొరికినట్టే.

ఇక ట్యాబ్‌లోనో పాపప్‌లోనో పెట్టిన మ్యాప్ ఒక మూల మాత్రమే వచ్చి మిగతాదంతా బూడిద రంగులో ఉండటం, దీన్ని నువ్వు ఇన్‌వాలిడేట్‌సైజ్ (సైజ్ మళ్ళీ కొలుచుకో అని లీఫ్‌లెట్‌కి చెప్పే ఫంక్షన్) పిలవండి అని ఒక్క లైన్‌లో తేల్చేశావు, అక్కడే నాకు డౌటొచ్చింది. దాచిన ట్యాబ్‌లో లీఫ్‌లెట్ మ్యాప్ తయారైనప్పుడు దానికి దొరికిన సైజ్ సున్నా, అదే గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత ట్యాబ్ తెరుచుకుందని దానికెవరూ చెప్పరు, అందుకే 256 పిక్సెల్స్ టైల్స్ ఒకటో రెండో తెచ్చుకుని కూర్చుంటుంది. ఆ ఫంక్షన్‌ని పిలవాల్సింది ట్యాబ్ పూర్తిగా తెరుచుకున్నాక, యానిమేషన్ మధ్యలో పిలిస్తే సగం సైజే కొలుచుకుంటుంది, మళ్ళీ మొదటికే. నువ్వు చేసి చూసుంటే ఈ యానిమేషన్ గొడవ డ్రాఫ్ట్‌లో ఉండేది, నిజం చెప్పు, చూళ్ళేదు కదా? ఇంకోటి, బ్రౌజర్ విండో అంచు పట్టుకుని కొంచెం లాగమను, మ్యాప్ ఠక్కున నిండిందా, రోగం ఇదే. మందు రాసేముందు ఇలా గుర్తుపట్టే పద్ధతి రాయి.

మిగతావి ఒక్కో లైన్ చాలు. టైల్స్ చిందరవందరగా పడి ఉంటే లీఫ్‌లెట్ సీఎస్ఎస్ ఫైల్ (ఏది ఎక్కడ ఎలా కనపడాలో చెప్పేది) లోడ్ కాలేదు. గూగుల్ మ్యాప్ మసకబారి మీద 'ఫర్ డెవలప్‌మెంట్ పర్పసెస్ ఓన్లీ' అని వస్తే ఏపీఐ కీ (గూగుల్ ఇచ్చే గుర్తింపు కోడ్) దగ్గరో బిల్లింగ్ దగ్గరో లోపం, ఎర్రర్ పేరు కన్సోల్‌లోనే ఉంటుంది. ఐఫ్రేమ్‌లో (పేజీలో ఇంకో పేజీని చూపించే కిటికీ) మ్యాప్ రానంటోందంటే గూగుల్ మ్యాప్స్ అడ్రస్ బార్‌లో లింక్ కాపీ కొట్టుంటారు, షేర్‌లో ఎంబెడ్ దగ్గరిచ్చే కోడ్ తీసుకోవాలి.

నేనేదో తప్పులు చెయ్యనోణ్ణని అనుకోకు. ఒకసారి జియోజేసన్ (మ్యాప్ మీది చోట్లని రాసే ఫార్మాట్) ఉదాహరణ రన్ చెయ్యకుండానే పంపించేశా, లీఫ్‌లెట్‌కి అక్షాంశం ముందు, జియోజేసన్‌కి రేఖాంశం ముందు, ప్యారిస్ 48.85, 2.35 కదా, నేను లీఫ్‌లెట్ వరసలోనే రాసేసరికి పిన్ వెళ్ళి సోమాలియా పక్కన హిందూ మహాసముద్రంలో పడింది. మ్యాప్ చక్కగా ఉంది, ఎర్రర్ లేదు, మొత్తం నీలం, అది చదివిన జనం సగం రోజు హైట్లు మార్చుకుంటూ కూర్చున్నారు నా పుణ్యమా అని. 'మ్యాప్ అంతా నీలంగా ఉందా' అనేది కూడా ఒక హెడ్డింగ్‌గా పెట్టు.

అన్నట్టు మొదటి సలహాగా 'కాష్ క్లియర్ చేయండి' (బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్ళు తుడిచెయ్యడం) అని పెట్టావు చూడు, అది తీసెయ్, లేదా చివర్లో పడెయ్. ఏం తోచనప్పుడు అందరూ రాసేది అదే, చదివేవాడు నీ దగ్గరికి రాకముందే నాలుగుసార్లు చేసుంటాడు.

ఇప్పుడు ఒక ఖాళీ పేజీ తీసుకుని మ్యాప్ పెట్టి, పైన చెప్పిన ప్రతి రకంగా దాన్ని నువ్వే పాడుచెయ్యి, పాడైన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తియ్యి. ఆ స్క్రీన్‌షాట్లు ముందు పంపు, రాసింది తర్వాత చూద్దాం.

ఉంటా,
అన్న