కళ్లజోడు జారుతుంటే కళ్లను అనకు

చి.ల.సౌ. అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

కొత్త కళ్లజోడు పెట్టుకున్న దగ్గర్నుంచి తలనొప్పి, సాయంత్రానికి ముక్కు మీద ఎర్రటి గుంటలు, ఫోను చూడాలంటే గడ్డం ఎత్తాల్సి వస్తోంది, మళ్లీ కళ్లు పరీక్ష చేయించుకోనా అని రాశావు. చేయించుకో, వద్దనను. కానీ ముందు ఆ జోడును ఒకసారి బల్ల మీద పెట్టి చూడు. పవర్ సరిగ్గా ఉన్నా ఈ బాధలన్నీ వస్తాయి. అద్దం కంటి ముందు ఉండాల్సిన చోట లేకపోతే డాక్టరు ఎంత శ్రద్ధగా రాసిన చీటీ అయినా పనిచెయ్యదు. పెద్ద తేడా కూడా అక్కర్లేదు, రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. చూపు హఠాత్తుగా తగ్గినా, మెరుపులు కనిపించినా, ఒకటి రెండుగా కనిపించినా ఈ ఉత్తరం పక్కన పడేసి వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు.

కాడలు రెండూ పూర్తిగా తెరిచి, అద్దాల పైఅంచు కిందికి వచ్చేలా జోడును తలకిందులుగా వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టు. రిమ్ములు రెండూ, కాడలు రెండూ, మొత్తం నాలుగు చోట్లా ఆనాలి. ఒక మూల వేలితో తాకితే టకటకమని ఊగిందంటే ఒక కాడ పైకో కిందికో వంగిందన్నమాట. ఒంటిచేత్తో లాగి తీసే అలవాటు ఉన్నవాళ్ల జోళ్లన్నీ ఇలాగే ఉంటాయి. లాగిన వైపు బందు ప్రతిసారీ కాస్త కాస్త తెరుచుకుంటుంది. నువ్వు కుడిచేత్తోనే తీస్తావు కదా, కుడి బందు చూసుకో.

బల్ల మీద బుద్ధిగా కూర్చున్న జోడు మొహం మీద వంకరగా ఉంటే తప్పు ఫ్రేముది కాదు, చెవులది. రెండు చెవులూ అచ్చం ఒకే ఎత్తులో ఉన్నవాళ్లు తక్కువ. అద్దంలో చూసుకో. ఏ వైపు రిమ్ము ఎత్తుగా ఉందో ఆ వైపు కాడనే ఇంకాస్త పైకి వంచాలి. వినడానికి విడ్డూరంగా ఉంది కదా? చెవి ఎక్కడికీ కదలదు. కాడ వెళ్లి దాని మీదే ఆనాలి. కాబట్టి కాడ పైకి లేస్తే ముందున్న రిమ్ము కిందికి దిగుతుంది. అలాగే ఒక అద్దం కంటికి మరీ దగ్గరగా ఉంటే ఆ వైపు కాడను లోపలికి వంచాలి, దూరంగా ఉంటే బయటికి. ఈ రెండు సూత్రాలూ తెలిస్తే షాపులో కుర్రాడు తిరగేసి వంచుతున్నప్పుడు నీకే అర్థమైపోతుంది.

ఇక జారడం సంగతి. మన ఎండలకి, చెమటకి జారడం మామూలే అని సరిపెట్టుకుంటారు. చెమట ఒక సాకు మాత్రమే, అసలు కారణం ఎక్కువగా చెవి దగ్గర ఉంటుంది. కాడ చివర కిందికి వంగే చోటు చెవి మొదలు పైనే ఉండాలి. జోడు పెట్టుకుని చూపుడు వేలు చెవి వెనక్కి పోనివ్వు. చెవికీ వంపుకీ మధ్య ఖాళీ తగిలితే వంపు ఆలస్యంగా మొదలైనట్టు. ఆ ఖాళీ ఎంతుంటే జోడు అంత ముందుకు జారుతుంది. వంపు చెవికంటే ముందే మొదలైతే చెవి మొదట్లో పుండు పడినట్టు నొప్పి, గంటకోసారి తీసి రుద్దుకోవడం.

ఇంకో కారణం చాలామందికి తట్టదు. జోడు బిగుతుగా ఉన్నా జారుతుంది. కణతల దగ్గర కాడలు నొక్కుతున్నాయనుకో, తల అక్కణ్ణుంచి చెవుల వైపు వెడల్పవుతుంది కాబట్టి ఆ నొక్కుడు జోడును ముందుకే తోస్తుంది. తడి సబ్బును పిడికిట్లో నొక్కితే ముందుకు దూకినట్టే. జారుతోందని షాపుకి వెళ్తే కాడలు ఇంకా లోపలికి వంచి పంపిస్తారు కొందరు. రెండు రోజులు బాగున్నట్టుంటుంది, తర్వాత కణతలు నొప్పి, మళ్లీ జారుడు. కాడ కణత మీద ఆనకూడదు, చెవికి కొంచెం ముందు మాత్రమే చర్మాన్ని తాకాలి.

కాడ లోపలి వైపు 52□18-140 లాంటి అంకెలు ఉంటాయి చూడు. మొదటిది ఒక అద్దం వెడల్పు, రెండోది రెండద్దాల మధ్య ముక్కు మీది ఎడం, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. ఇప్పటిదాకా హాయిగా వాడిన పాత జోడు ఏదైనా ఉంటే దాని మీది అంకెలు ఫోనులో రాసి పెట్టుకో. కొత్తది కొనేటప్పుడు రంగుకంటే ముందు అవి చూడు.

ముక్కు మీది గుంటల గురించి చెప్తాను. బరువంతా మోసేది ముక్కే. ఆ బరువు ముక్కుకి ఆనే ప్యాడ్ మొత్తం మీద పరుచుకోవాలి. సాయంత్రం జోడు తీసి మచ్చ ఆకారం చూడు. మచ్చ నిండుగా, లేతగా ఉంటే ఫర్వాలేదు, కాసేపటికి పోతుంది. సన్నగా, గోటితో గీరినట్టు నెలవంకలా ఉంటే ప్యాడ్ ఒక అంచు మీద మాత్రమే నిలబడి ఉంది. ముక్కు పైన సన్నగా, కిందికి వెడల్పుగా ఉంటుంది. కాబట్టి ప్యాడ్లు పైకొసల దగ్గర కొంచెం దగ్గరగా, కిందికొసల దగ్గర దూరంగా ఉండాలి. మొహం వైపు అంచులు కూడా కాస్త విచ్చుకుని ఉండాలి. లోహపు ఫ్రేముకి ఇదంతా సన్నని పటకారుతో అయిదు నిమిషాల పని. ప్యాడ్లను దగ్గరికి తెస్తే జోడు పైకి లేచి కంటికి దూరమవుతుంది, విడదీస్తే కిందికి దిగి కంటికి దగ్గరవుతుంది. కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగులుతుంటే, నవ్వినప్పుడు బుగ్గలు ఫ్రేమును ఎత్తేస్తుంటే ముందు చూడాల్సింది ఇక్కడే.

ప్యాడ్ల చుట్టూ ఆకుపచ్చ పేరుకుంటే అది చెమటకి లోహంలోని రాగి పట్టించిన చిలుము. గీకి సరిపెట్టకు, ప్యాడ్లు మార్పించు. స్క్రూతో బిగించేవి, నొక్కితే క్లిక్‌మని కూర్చునేవి అని రెండు రకాలు. ఒకదాని బదులు ఇంకోటి పట్టదు. సిలికాన్‌వి మెత్తగా ఉండి పట్టు బాగా ఇస్తాయి కానీ పసుపుపచ్చగా మారతాయి. మారినప్పుడు జత మొత్తం మార్చాలి, ఒక్కటి మారిస్తే జోడు ఒరిగిపోతుంది.

తలనొప్పికి వద్దాం. నువ్వు ఆన్‌లైన్లో తెప్పించుకున్నావు కాబట్టి నా అనుమానం పీడీ మీద, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం. పెద్దవాళ్లలో చాలామందికి 60 నుంచి 65 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అద్దాల కేంద్రాలు కూడా అంతే దూరంలో ఉండాలి. నీ పీడీ 60 అయి అద్దాలు 66కి చేశారనుకో, ఒక్కో కంటికి 3 మిల్లీమీటర్ల తేడా. సెంటీమీటర్లలో 0.3, దాన్ని నీ పవర్ మైనస్ 4లోని 4తో గుణిస్తే 1.2. దీన్నే ప్రెంటిస్ సూత్రం అంటారు. అంటే ఒక్కో అద్దం 1.2 ప్రిజంలా, వెలుతురును పక్కకి వంచే గాజుముక్కలా పనిచేస్తూ రెండు కళ్లనూ బయటికి లాగుతోందన్నమాట. దూరం చూసేటప్పుడు కళ్లు తిన్నగా ఉండాలి, అంతకంటే బయటికి తిరిగి రెండు కళ్ల బొమ్మల్నీ ఒకటి చెయ్యడానికే రోజంతా తంటాలు. పవర్ ఒకటో అరో ఉన్నవాళ్లకి ఇదే తప్పు తెలియను కూడా తెలియదు.

పీడీ ఇంట్లోనే కొలవొచ్చు. మీ ఆయన్ని నీకు ఎదురుగా, జానెడు మీద జానెడు దూరంలో, అంటే 40 సెంటీమీటర్లలో కూర్చోమను. స్కేలు నీ కనుబొమల కింద ఆనించి కదలకుండా పట్టుకోవాలి. ఆయన కుడికన్ను మూసి, తెరిచిన తన ఎడమకంటిని చూడమంటారు. అప్పుడు నీ కుడి పాప మధ్యకి సున్నా పెట్టాలి. తర్వాత ఎడమకన్ను మూసి, కుడికన్ను తెరిచి, నిన్ను దాన్ని చూడమంటారు. నీ ఎడమ పాప మధ్యకి వచ్చిన అంకె దూరపు చూపుకి నీ పీడీ. మూడుసార్లు కొలిచి, ఎక్కువసార్లు వచ్చింది తీసుకోండి. మధ్యలో నవ్వితే మొదటికి రావాలి.

నీవి ప్రోగ్రెసివ్ అద్దాలు, అంటే దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం, కాబట్టి ఈ కొలత ఒక్కటే చాలదు. ఒక్కో కంటికి ముక్కు మధ్య నుంచి విడిగా కొలవాలి, పాప దగ్గర్నుంచి రిమ్ము కిందిఅంచు దాకా ఎత్తు కూడా కావాలి. వారిలక్స్ అనే ప్రోగ్రెసివ్ అద్దం ఫ్రాన్సులో 1959లో వచ్చినప్పటి నుంచీ ఈ అద్దాల తీరు ఒకటే. పైన దూరానికి, కింద చదవడానికి, మధ్యలో సన్నటి దారి, ఆ దారికి అటూ ఇటూ మసక. ఆ దారి నీ పాప ముందుకు రాకపోతే అద్దం ఎంత ఖరీదైనదైనా ఒకటే. సరైన పద్ధతి ఏంటంటే, ముందు ఫ్రేమును నీ మొహానికి సరిచేస్తారు. తర్వాత నువ్వు నిటారుగా నిలబడి ఎదురుగా చూస్తుండగా, లోపలున్న నకిలీ అద్దం మీద స్కెచ్ పెన్నుతో పాప మధ్య చుక్క పెడతారు. సరిచెయ్యకుండానే చుక్క పెడితే, తర్వాత సరిచేసినప్పుడు చుక్క కూడా కదిలిపోతుంది. ఫొటో చూసి అంచనా వేసిన ఎత్తును నేను నమ్మను.

నీది ఎక్కడ తప్పిందో నువ్వే కనుక్కోవచ్చు. అద్దం మీద నోటితో ఆవిరి ఊది, వెలుగుకి ఎదురుగా కొంచెం పక్కకి వంచి చూడు. రెండు చిన్న చెక్కుడు గుర్తులు కనిపిస్తాయి, మధ్యలో 34 మిల్లీమీటర్ల దూరం. బయటి గుర్తు కింద చత్వారం పవర్ కూడా చెక్కి ఉంటుంది, చీటీలో ఉన్న ‘ఆడ్’తో పోల్చుకో. ఆ గుర్తుల మీద చుక్కలు పెట్టి షాపులో ఇస్తే, అద్దం నీ పాపకి ఎంత కింద ఉందో వాళ్లు కొలిచి చెప్తారు. ఎదురుగా చూస్తే బోర్డులు మసకగా ఉండి, గడ్డం దించితే తేటపడితే అద్దం ఎత్తుగా కూర్చుంది. చదవడానికి గడ్డం బాగా ఎత్తాల్సి వస్తే కిందుగా కూర్చుంది, లేదా జారింది. నీ బాధ రెండోది. ముందు ప్యాడ్లు దగ్గరికి తెప్పించి, చెవి వంపు సరిచేయించి చూడు. అద్దాలు మార్చకుండానే సగం దారికి వస్తుంది. అలవాటు కావడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో మెట్లు దిగేటప్పుడు కళ్లు కాదు, తల వంచి చూడు.

పక్క సందులో షాపుకి వెళ్లి ‘ఇక్కడ కొనలేదు, ఫిట్టింగు చేసిపెట్టండి, ఎంతివ్వమంటారు’ అని ముందే అడుగు. మొహమాటం అక్కర్లేదు, కాకపోతే విరిగితే వాళ్ల పూచీ ఉండదు. ఎసిటేట్ అనే ప్లాస్టిక్ ఫ్రేము వేడిగాలి తగిలిస్తేనే వంగుతుంది, చల్లగా వంచితే పుటుక్కుమంటుంది. ఇంట్లో మరిగే నీళ్లలో ముంచే ప్రయోగాలు చెయ్యకు, అద్దం మీది కోటింగు పగుళ్లు తేలుతుంది. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసినా అంతే. రిమ్ము లేని జోడును అసలు ముట్టుకోకు. నువ్వు చెయ్యదగ్గది స్క్రూ బిగించడం. అది మాటిమాటికీ వదులవుతుంటే గోళ్ల రంగు ఒక బొట్టు వేసి ఆరనివ్వు.

కడగడానికి ధారగా పడే చన్నీళ్లు, గిన్నెల సోపు ఒక్క చుక్క, వేళ్ల కొసలు చాలు. తర్వాత మైక్రోఫైబర్ గుడ్డ. చున్నీతో పొడిగా తుడిస్తే దుమ్మే గీతలు పెడుతుంది. ప్యాడ్లు కూడా కడుగు, వాటి మీది జిడ్డు పోతేనే పట్టు ఉంటుంది.

గేటుకి మోకాలెత్తున బిగించిన ఉత్తరాల పెట్టె గురించి కూడా అడిగావు. తీసేసి మళ్లీ బిగించు. చీలిక నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో ఉంటే పోస్ట్‌మ్యాన్ వంగక్కర్లేదు, కుక్క ఉన్న ఇల్లయితే గేటు లోపలికి చెయ్యి పెట్టక్కర్లేదు. ఎ4 కాగితం మడవకుండా పట్టే కవరు సుమారు 23 సెంటీమీటర్ల వెడల్పు, 32 పొడవు ఉంటుంది. కాబట్టి చీలిక 25 సెంటీమీటర్ల వెడల్పు, 3 ఎత్తు పెట్టించు, లోపలి లోతు 35కి తగ్గకూడదు. మూత బయటి వైపు, బందు పైన ఉండాలి. పైకప్పు ముందుకు రెండంగుళాలు వాలి ఉండాలి. అడుగున నాలుగు చిన్న బెజ్జాలు కొట్టించి సన్నటి జాలీ వెయ్యి, లేకపోతే శ్రావణం వచ్చేసరికి కందిరీగలు కాపురం పెడతాయి. ఏసీ నీళ్లు కారే గొట్టం కింద మాత్రం వద్దు. ఇంటి నంబరు, పేరు పెయింటుతో రాయించు, అంటించిన కాగితం మొదటి వానకే పోతుంది.

ఫ్రేము లోపలి అంకెలు, కొలిచిన పీడీ రెండూ రాసి పంపు. అవి చూశాకే అద్దాలు మార్చమని ఆ ఆన్‌లైన్ వాళ్లని అడగాలో వద్దో చెప్తాను.

ఇట్లు,
మామయ్య