‘హెట్స్’లో లాటిన్ మాస్టారు రోగియా, దుర్మార్గుడా?

1944 నాటి స్వీడిష్ సినిమా ‘హెట్స్’లో విద్యార్థుల్ని పీడించే లాటిన్ మాస్టారిని చూసి జాలి పడాలా, అసహ్యించుకోవాలా అని అడిగారు. నా మటుకు నాకు ఆయన రోగీ, దుర్మార్గుడూ కూడా. మొదటిది ఒప్పుకున్నంత మాత్రాన రెండోది మాఫీ అయిపోదు.

నేను ఇంటర్ హాస్టల్లో ఉండి చదివాను. మాకొక లెక్చరర్ ఉండేవారు. కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. బెంచీల మధ్య మెల్లగా నడుచుకుంటూ వచ్చి ఎవడో ఒకడి వెనక ఆగేవారు. చాక్‌పీసుని గోటితో గీకుతున్న చప్పుడు వినపడేది. అంతే, వాడికి కంఠతా వచ్చిన జవాబు కూడా గొంతులోనే ఉండిపోయేది. మిగతావాళ్లం పుస్తకాల్లో తల దూర్చేసేవాళ్లం, మన దాకా రాలేదు చాలని. అందుకే సినిమాలో ఆ లాటిన్ మాస్టారిగా వేసిన స్టిగ్ యారెల్ క్లాసులో అడుగుపెట్టగానే నాకు ఒళ్లంతా టెన్షన్. పిల్లలు ఆ మాస్టారికి పెట్టుకున్న పేరు కాలిగులా, క్రూరత్వానికి పేరుమోసిన రోమన్ చక్రవర్తి పేరు.

(ఇక్కడి నుంచి కథ చెప్పేస్తున్నాను.) పొగాకు కొట్లో పనిచేసే బెర్తాని ఒకడు వేధిస్తుంటాడు. వాడెవడో తనను ప్రేమించిన యాన్ ఎరిక్ అనే విద్యార్థికి కూడా ఆమె చెప్పదు. ఒకరోజు ఆమె శవమై కనిపిస్తుంది. అక్కడే తగిలించిన కోట్ల చాటున నక్కి ఉన్నది కాలిగులా! కానీ గుండె ఆగి చనిపోయిందని పోస్టుమార్టంలో తేలడంతో పోలీసులు వదిలేస్తారు. రోజూ భయపెట్టి మనిషిని చంపితే ఏ సెక్షన్ కింద పట్టుకుంటారు? మాస్టారి మీద చెయ్యి చేసుకున్న యాన్ ఎరిక్‌ని మాత్రం బడి నుంచి పంపించేస్తారు. నన్ను బాగా కుదిపేసింది ఇదే.

చివర్లో కాలిగులా ఒంటరిగా ఉండలేక మెట్ల మీద బతిమాలుకుంటాడు. అక్కడ నాకూ జాలేసింది, దాచుకోను. అయినా యాన్ ఎరిక్ ఆగకుండా వెళ్లిపోవడమే న్యాయం అనిపించింది. బెర్తా భయపడ్డప్పుడు ఈయన ఆగలేదు కదా!

దర్శకుడు ఆల్ఫ్ షోబెర్గ్. స్క్రిప్టు రాసింది అప్పటికి పాతికేళ్ల కుర్రాడు, తర్వాత పెద్ద దర్శకుడైన ఇంగ్మార్ బెర్గ్‌మన్, తన బడి అనుభవాలతో. అది యుద్ధకాలం, మాస్టారి చేతిలో నాజీల వైపు మొగ్గే పేపరు ఉంటుంది, గమనించండి. ఆఖర్న ఉదయపు వెలుగు కాస్త అతికించినట్టు అనిపించవచ్చు. ఆశతో ముగించమని నిర్మాతలు అడిగితే, ఆరుబయటి ఆ చివరి షాట్లు బెర్గ్‌మనే తీశాడు.