ఆ పెట్టె ఏ ఏడాదిది?

(ఈ శీర్షికలో జవాబులు చెబుతున్నది సికింద్రాబాద్ లాలాగూడ కేరేజ్ వర్క్‌షాప్ పెయింట్ షాపులో పనిచేసి రిటైరైన పెయింటర్. ఇప్పుడు మేడమీద గదిలో మోడల్ రైళ్లకు రంగులు వేసుకుంటున్నారు.)

ప్రశ్న: మా నాన్నగారు కాజీపేటలో గార్డుగా చేసేవారు. నా దగ్గర హెచ్‌ఓ స్కేల్ (అసలు సైజులో 87వ వంతు) ప్లాస్టిక్ స్లీపర్ బోగీ ఒకటుంది, నీలం రంగుది. దాన్ని నా చిన్నప్పటి, అంటే 1985 నాటి ఎర్ర బోగీగా మార్చాలని ఉంది. పాత రంగు తీద్దామని థిన్నర్ పూస్తే ఒక మూల మెత్తబడి ముడత పడింది. ఇప్పుడేం చేయాలి? ఏ ఎరుపు వేయాలి? కిటికీలకు ఊచలు ఎలా పెట్టాలి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముందు ఆ థిన్నర్ సీసాకి మూత బిగించి అవతల పెట్టండి. మీరు చేసిన పని నేనూ చేశాను, అందుకే చెబుతున్నాను. ఇనుప పెట్టెల మీద థిన్నర్ గుడ్డ ఆడించిన చెయ్యి నాది. రిటైరైన కొత్తలో మొదటి మోడల్‌నీ అలాగే తుడిచాను. కిటికీ గట్లు నా కళ్లముందే మైనంలా జారిపోయాయి. మోడళ్ల ప్లాస్టిక్ పాలీస్టైరీన్‌ అయినా ఏబీఎస్‌ అయినా, దానికి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్, అసిటోన్ తగిలితే బెల్లం మీద నీళ్లు పోసినట్టే. ముడత పడ్డ మూలను రెండు రోజులు ముట్టుకోకండి, అదే గట్టిపడుతుంది. తర్వాత మోడల్ పుట్టీ పెట్టి, 400 నంబరు నీటి కాగితంతో, ఆపైన 800తో రుద్దండి. మూల కాబట్టి బతికిపోయారు. కిటికీ దగ్గరైతే ఇంత సులువుగా చెప్పేవాణ్ని కాదు.

రంగు తీయడానికి నేను వాడేది డెటాల్. నవ్వకండి, దెబ్బలకు రాసే గోధుమరంగు డెటాలే. పైకప్పు, కిటికీ అద్దాలు, చక్రాలు అన్నీ విప్పేసి, ఖాళీ పెట్టెను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మునిగేలా పోయండి. నీళ్లు కలపొద్దు. ముందు లోపలివైపు కనబడని చోట ఒక చుక్క వేసి చూసుకోండి. ఒక రాత్రి నానితే రంగు పొరలుగా లేస్తుంది. చేతులకు గ్లౌజులు వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. చాలామంది తప్పు చేసేది ఆ తర్వాతే. నేరుగా కుళాయి కింద పెడతారు. నీళ్లు తగిలాయో, ఊడిన రంగంతా జిగురై పెట్టెకే అంటుకుంటుంది. ముందు ఇంకాస్త డెటాల్‌తో కడిగి, తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ చిక్కగా పట్టించి, అప్పుడు నీళ్లు పోయాలి. ఆ రాత్రి మా ఇంట్లో ఆస్పత్రి వాసనే. మా ఆవిడ ఇప్పుడు అడగడం మానేసింది.

ఒక్కమాట. మీరు బోగీ బోగీ అని రాశారు. జనం అందరూ అలాగే అంటారు, తప్పు పట్టడం లేదు. వర్క్‌షాప్‌లో మాత్రం బోగీ అంటే కింద నాలుగు చక్రాలతో ఉండే బండి. పైనున్నది కోచ్, మా మాటలో పెట్టె. విడిభాగాలు తెప్పించేటప్పుడు ‘బోగీ కావాలి’ అంటే చక్రాల బండి పంపిస్తారు. మా మేనల్లుడికి అలాగే రెండుసార్లు వచ్చింది.

ఇక అసలు విషయం. మీరు 1985 అని ఏడాది చెప్పారు చూడండి, అది నాకు బాగా నచ్చింది. రంగు కొనే ముందు ఏడాది తేల్చుకోవాలి. తేల్చుకుంటే సగం ప్రశ్నలకు జవాబులు అవే వస్తాయి. మీ మోడల్ ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె. చెన్నై పెరంబూరులో 1955లో ఫ్యాక్టరీ మొదలైనప్పుడు స్విట్జర్లాండ్‌లోని ష్లీరెన్ కంపెనీ డిజైన్‌తో కట్టడం ప్రారంభించారు. ఆ తరహా పెట్టెలు 2018 జనవరి దాకా అక్కడ తయారయ్యాయి. ఇన్నేళ్లలో పెట్టె ఆకారం పెద్దగా మారలేదు కాబట్టి మీ నీలం మోడల్ 1985కి పనికొస్తుంది. మారినవి చిన్నవి. వాటిని వదిలేస్తే మీది ఎర్ర రంగు వేసిన 2000 నాటి పెట్టె అవుతుంది.

వాటిలో ముఖ్యమైనది బ్రేకు. ఎర్ర పెట్టెల రోజుల్లో ఉన్నది వ్యాక్యూమ్ బ్రేకు. తొంభైల్లో ఎయిర్ బ్రేకు పెట్టెలకు నీలం వేయడం మొదలైంది. మీ మోడల్ చివరి గోడ కింద కప్లింగ్ పక్కన రెండు సన్నటి గొట్టాలు ఉంటే అవి ఎయిర్ బ్రేకువి, కత్తిరించేయండి. వాటి బదులు లావుపాటి వ్యాక్యూమ్ గొట్టం ఒక్కటి కావాలి. అది ముడతలు ముడతలుగా ఉంటుంది. మిల్లీమీటరు తీగకు సన్నటి రాగి తీగ దగ్గరగా చుట్టి, వంచి, నలుపు వేస్తే అచ్చం అదే. మీ నాన్నగారు చూసి ఉంటే ముందు దాన్నే గుర్తుపట్టేవారు. గార్డుగారికి పెట్టె రంగు కన్నా వ్యాక్యూమ్ గేజీ మీదే చూపు.

ఊచలకు ఎలక్ట్రిక్ వైరు లోపలి రాగి పోగులు వాడండి. నాన్-ఏసీ కిటికీల ఊచలు అడ్డంగా ఉంటాయి, నిలువుగా కాదు. అత్యవసర కిటికీకి ఊచలు పెట్టొద్దు. పోగును రెండు చెక్కల మధ్య పెట్టి దొర్లిస్తే తిన్నగా వస్తుంది. రంగు వేశాకే లోపలివైపు నుంచి అతికించండి. అన్ని కిటికీలూ ఒకేలా ఉంచకండి. మధ్యాహ్నం రైలు ఎలా ఉంటుందో తలుచుకోండి: ఎండ పడే వైపు షట్టర్లు సగానికి పైగా దించి ఉంటాయి, రెండోవైపు తెరిచి ఉంటాయి. సన్నగా గీతలు గీసిన ప్లాస్టిక్ రేకు ముక్కకు బూడిద రంగు వేసి కిటికీ వెనక అతికిస్తే షట్టరు దించినట్టే. పెట్టెకు ప్రాణం వచ్చేది అక్కడే అని నా నమ్మకం, రంగులో కాదు. పెయింటర్‌ని అయ్యుండి ఈ మాట అంటున్నాను.

ఎరుపు సంగతి. మీరు అడిగిన ఎరుపు కుంకుమ కాదు. గోడలకు పూసే జాజు కంటే ముదురు, నేరేడు దాకా పోదు. అసలు పెట్టె రంగునే తెచ్చి 87వ వంతు బొమ్మకు వేస్తే నల్లగా కనిపిస్తుంది. బొమ్మ చిన్నది కాబట్టి కొంచెం లేత చేయాలి. అలాగని తెలుపు కలిపితే గులాబీ రంగులోకి దిగుతుంది. ఒక్క చుక్క నారింజో లేత గోధుమరంగో కలపండి. ఐస్‌క్రీమ్ పుల్లకు వేసి, ఆరాక కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద ఎరుపును నమ్మొద్దు.

ముందు బూడిద ప్రైమర్, పల్చగా. ఎయిర్‌బ్రష్ ఉంటే 0.3 మిల్లీమీటర్ల నాజిల్, గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ, రంగు పాలలా జారాలి. డబ్బా స్ప్రే అయితే గోరువెచ్చని నీళ్లలో కాసేపు పెట్టి బాగా కుదిపి, 20, 25 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టండి. చెయ్యి పెట్టె బయట మొదలై బయటే ఆగాలి. పెట్టె మీద ఆగిందా, అక్కడే కారుతుంది. ఒక్క లావు కోటు కంటే మూడు పల్చని కోట్లు మేలు. పెద్ద పెట్టె మీద లావు కోటు చెల్లిపోతుంది, చిన్నదాని మీద కిటికీ అంచులన్నీ పూడిపోతాయి. ముసురు పట్టిన రోజు స్ప్రే పట్టుకోకండి. ఒక ఆగస్టులో తొందరపడి లాకర్ పెయింట్ కొట్టాను, పొద్దున్నకి పెట్టెంతా బూజు పట్టినట్టు తెల్లబారింది. మళ్లీ డెటాలే.

పైకప్పు బూడిద రంగు, కింద అండర్‌ఫ్రేమ్ నలుపు. ఇరుసు కొసలకు రంగు తగలకుండా చూసుకోండి.

ప్రశ్న: నేను ఎర్ర స్లీపర్ కోచ్ పూర్తిచేసి, లేజర్ ప్రింటర్ మీద నీటి డీకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే అక్షరాల స్టిక్కర్లు) వేసుకున్నాను. నంబరు 05226 పెట్టాను. అక్షరాల చుట్టూ వెండి మెరుపులా గాలి చారలు కనిపిస్తున్నాయి. ఎందుకు?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: చారలకు కారణం ఒకటే తల్లీ, మెరుపు లేని మ్యాట్ రంగు మీద అతికించావు. మ్యాట్ ఉపరితలం దగ్గర నుంచి చూస్తే గరుకు కాగితమే. ఆ గుంటల్లో గాలి చిక్కి మెరుస్తుంది. ముందు నిగనిగలాడే (గ్లాసీ) వార్నిష్ కొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, డీకాల్ అతికించి, పైన మ్యాట్ వార్నిష్ కొట్టాలి. ఇప్పటికే అతికించినవాటిని సూదితో అక్కడక్కడా పొడిచి, డీకాల్ మెత్తబరిచే ద్రావణం ఒక చుక్క వేస్తే చాలావరకు కూర్చుంటాయి.

దానికంటే పెద్ద చిక్కు నంబరులో ఉంది. ఈ ఐదంకెల నంబర్లలో మొదటి రెండు అంకెలు పెట్టె తయారైన ఏడాది. 05 అంటే 2005. మిగతా మూడు పెట్టె రకం: 201 నుంచి 400 వరకు స్లీపర్, 401 నుంచి 600 జనరల్, 051 నుంచి 100 సెకండ్ ఏసీ, 101 నుంచి 150 థర్డ్ ఏసీ, 701 నుంచి 800 లగేజీ ఉన్న ఎస్‌ఎల్‌ఆర్. కాబట్టి 226 స్లీపరే, నీ లెక్క సరిపోయింది. కానీ 2005లో పుట్టిన పెట్టెకు ఆ పాత ఎరుపు ఎక్కడిది? అది నీలంలోనే బయటికొచ్చి ఉంటుంది. ఎరుపు ఉంచుకోవాలంటే 88226 లాంటిది పెట్టుకో. 05 మీద ప్రేమ ఉంటే కిటికీల వరసకు లేత నీలం, మిగతా అంతా ముదురు నీలం వెయ్యి. అప్పుడు లేతది ముందు కొట్టి, దానికి మాస్కింగ్ టేపు వేసి, ముదురు తర్వాత.

ఇంకొకటి. చివరి గోడ మీద పీఓహెచ్ (నిర్ణీత కాలానికి చేసే ఓవర్‌హాల్) తేదీ, మళ్లీ ఓవర్‌హాల్‌కు రావాల్సిన రిటర్న్ తేదీ చిన్న స్టెన్సిల్‌గా ఉంటాయి, ఓవర్‌హాల్ చేసిన వర్క్‌షాప్ కోడ్‌తో. మాది ఎల్‌జీడీఎస్. ఎక్కువమంది మోడల్ చేసేవాళ్లు దాన్ని వదిలేస్తారు. నేను వదలను, ఆ స్టెన్సిల్ పట్టుకున్న చేతులు కదా.

ప్రశ్న: ఐసీఎఫ్ మోడల్‌కు ఎరుపు, బూడిద రంగులు వేస్తే రాజధాని ఎక్స్‌ప్రెస్ ఎల్‌హెచ్‌బీ (జర్మన్ డిజైన్ కొత్త తరహా కోచ్) అయిపోతుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అవదు. ఐసీఎఫ్ పెట్టె 21,337 మిల్లీమీటర్లు, ఎల్‌హెచ్‌బీ 23,540. హెచ్‌ఓలో ఒకటి 245, రెండోది 270. పాతిక మిల్లీమీటర్ల తేడాను ఏ రంగూ దాచలేదు.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ 85 అడుగుల అమెరికన్ ప్యాసింజర్ కోచ్‌లు సులువుగా దొరుకుతాయి. ఒకదాన్ని కోసి మన ఐసీఎఫ్ పెట్టెగా మార్చవచ్చా? సగం కోసి ఆగాను.
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: సగం దగ్గర ఆగారు, మంచిదే. 85 అడుగుల పెట్టె హెచ్‌ఓలో 298 మిల్లీమీటర్లు, మనది 245. యాభై మూడు కోసి అతికించడం పెద్ద పని కాదు. కానీ వెడల్పు? అమెరికన్ పెట్టె 10 అడుగులు, హెచ్‌ఓలో 35 మిల్లీమీటర్లు. మనది 3,245 మిల్లీమీటర్లు, అంటే 37 పైచిలుకు. పొడవు కోయగలం గానీ వెడల్పు ఎక్కడి నుంచి తెస్తాం? పక్కగోడలు పారేసి, మిల్లీమీటరు మందం స్టైరీన్ ప్లాస్టిక్ షీటుతో కొత్తవి కట్టుకోండి. కింది ఫ్రేము కుదించి వాడుకోండి. బోగీల మధ్య దూరం 170, ఒక్కో బోగీలో ఇరుసుల మధ్య 33, చక్రం పదిన్నర మిల్లీమీటర్లు. షీటు మీద కత్తితో గీత గీసి విరవండి, రంపం వద్దు. కిటికీలు కోశాకే గోడలు విడదీయండి, ముందు విడదీస్తే వంకరపోతాయి.

పట్టాల సంగతి అడగలేదు గానీ మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు హెచ్‌ఓలో 19 దాటాలి. దొరికే పట్టా 16.5. అందరం కళ్లు మూసుకుని దాని మీదే నడుపుతున్నాం, మీరూ నడపండి.

ప్రశ్న: కొత్తగా రంగు వేశాక నా పెట్టె మలుపులో పట్టాలు తప్పుతోంది. ఇంతకుముందు బాగానే ఉండేది.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రంగు బోగీ పివోట్‌లోకి, అంటే బోగీ తిరిగే మేకు దగ్గరికి, దిగి ఉంటుంది. బోగీని విప్పి, మేకు చుట్టూ గోటితో గీకండి. చక్రాల అంచు మీదా చూడండి. విప్పారు కాబట్టి తూకం కూడా వేయండి. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ లెక్క ప్రకారం హెచ్‌ఓలో ఒక ఔన్సు, దాని మీద పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. మీ ఐసీఎఫ్ పెట్టెకు అది దాదాపు 165 గ్రాములు. తక్కువైతే ఇనుప నట్లు నేలకు దగ్గరగా, రెండు బోగీల పైన సమంగా అతికించండి. మీ మలుపు వ్యాసార్ధం 18 అంగుళాలైతే దాన్ని 24 చేయండి, ఇంత పొడవు పెట్టెకు అది తప్పదు. ఆఖరి పెట్టె అదేనా? అయితే వెనక గోడ మీద పసుపు ఇంటూ గుర్తు మర్చిపోకండి. మీరు పంపిన ఫొటోలో కనిపించలేదు.